వడగాడ్పుల దినములలో కూలివారిని, వృద్ధులను కాపాడు విధము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తావుల పట్టాదారులకును, సేద్యము చేయించు రైతులకును తెలియజేయునది ఏమనగా:

ఏటేటా చైత్ర వైశాఖములలో ఈ తావుల ఎండ 45 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా 113 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకు పోవుటయు, కొన్ని యేండ్ల దానిని మించుటయు మీరెల్లరు నెఱిగినదే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి సుమారు రెండువేల మంది మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలివారును, వృద్ధులును అధికము. ఎద్దు నాలుక వెళ్ళబెట్టినచో కాడి విప్పి నీడకు తోలుట మన పెద్దలనాటి మర్యాద. కైకిలి వచ్చిన మనిషి విషయమున ఈ మర్యాద అంతగా కానరాకుండుట విచారకరము.

దేహము తన వేడిని ముఖ్యముగా చెమటచే పోగొట్టుకొనును. చెమట ఒంటిమీద ఆరినప్పుడే చలువ కలుగును. కాఱి నేలపాలైనదానివలన ప్రయోజనము లేదు. కావున ఉక్క హెచ్చుగానుండు చోట్ల, అనగా నీరు నిలిచిన మడిలోను, గాలి చొరని మక్కజొన్న చేనిలోను, పసుపు ఉడికించు పొయ్యిలచెంతను, ఎండ కొంత తక్కువగా తోచినను అపాయము తక్కువ కాదు. సిరిసిల్ల మరమగ్గముల రేకుల షెడ్లలో పనిచేయువారికి నీడయున్నను వడదెబ్బ తగులుటకు కారణమిదియే.

ఎండ అందఱకు నొకే తీరున తగులదు. వృద్ధులకు దాహము సరిగా తెలియదు. వారడిగినప్పుడు నీరిత్తమనుకొనుట పొరపాటు. గర్భవతులకు వేడివలన నెలలు నిండకమున్నే కాన్పగు భయము కలదు. పసిబిడ్డలు, చక్కెర వ్యాధిగలవారు, గుండె, మూత్రపిండముల జబ్బుగలవారు త్వరగా సోలుదురు. రక్తపుపోటునకై మూత్రము వెడలించు మాత్రలు మ్రింగువారును, మనోవ్యాధికి మందు తినువారును మఱింత జాగ్రత్తగా నుండవలెను. అయితే ఆ మాత్రలను తమంతట తాము మానరాదు; డాక్టరునడిగి ఆయన చెప్పినట్లు చేయవలెను.

మఱియొక సంగతి. ఈ మూడు తావులనుండి పడుచువారు పెక్కుమంది దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోయియుండుటచే, అనేక గృహములలో సేద్యపు భారము ముసలి తలిదండ్రులమీదను, స్త్రీలమీదను పడియున్నది. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో ఇంటిపట్టున బీడీలు చుట్టు స్త్రీలు పసుపు పనులకో, మామిడికాయ ఏఱుటకో ఒక్కసారిగా ఎండలోనికి వత్తురు. దేహము ఎండకు అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. వడదెబ్బ తఱచుగా మొదటి కొలది దినములలోనే తగులును. కావున క్రొత్తగా వచ్చినవారికి మొదటి దినమున స్వల్పమైన పనియిచ్చి, దినదినము కొంచెము కొంచెముగా పెంచవలెను. మొదటి దినముననే అందఱితో సమముగా చేయుమని పట్టుబట్టుట మంచిది కాదు.

పని తెల్లవారుజామున మొదలిడి పదునొకండు గంటలలోపల ముగించి, మిగిలినది నాలుగు గంటల తరువాత చేయించుట మేలు. ప్రతి పావుగంటకో ఇరువది నిమిషములకో ఒక గ్లాసెడు నీరు త్రాగవలెను. కడవ చేని గట్టున దూరముగానున్నచో ఎవరును పని విడిచి పోరు. కావున పని జరుగుచోటనే నీరుంచవలెను. అంబలి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాల మంచివి. చెమట మిక్కిలిగా పోయినవారికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు సమతల టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఈయవచ్చును. ఉప్పు ఇంతకు మించరాదు. కల్లు, సారాయి నీటికి బదులు కావు. మత్తు అపాయమును పెంచును. జేబులో ఉల్లిగడ్డ ఉంచుకొన్నచో వడ తగులదను మాట నమ్మి నెత్తిన గుడ్డ లేక తిరుగువారు కలరు. ఆ ఉల్లిగడ్డ మజ్జిగతో తినినచో కొంత ప్రయోజనము.

ఇట్లు విశ్రాంతి నిచ్చినచో పని చెడునని కొందఱు రైతులు శంకింతురు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడారు దేశమున చెఱకు కోయువారికి నీడ, నీరు, నియమితమైన విరామము ఏర్పాటు చేసి చూడగా, కోత తగ్గకపోగా పెరిగినది. నీరు లేక ఎండలో ఏండ్ల తరబడి శ్రమించువారి మూత్రపిండములు చెడుననియు ఆ దేశములందే తేటపడినది.

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రములకు చేరినపిమ్మట, కాంటా అగువఱకు కుప్పలయొద్ద కావలి యుండువారు ఎక్కువగా ఇంటి పెద్దలే. అచ్చట నీడయుండదు, రాత్రి సరియైన నిద్రయుండదు. రాత్రి దేహము చల్లబడనిచో మఱునాటి ఎండ ఇంకను కఠినముగా తగులును. కావున వంతులు వేసికొని ఒక్కొక్కరు కొలది గంటలు మాత్రమే ఉండి, కుప్పప్రక్క నొక పందిరియైనను వేసికొనవలెను.

తలనొప్పి, వాంతి, పిక్కల నొప్పులు, కండ్లు తిరుగుట కలిగినచో పని విడిపించి నీడన పరుండబెట్టి నీరు త్రాగింపవలెను. మాట తడబడినను, పొంతన లేక పలికినను, మూర్ఛ వచ్చినను, ఒళ్ళు కాలిపోవుచున్నను అది వడదెబ్బయే. త్రాగియున్నాడనియో, గాలి సోకినదనియో భావించి కాలము వృథా చేయరాదు. చెమట పట్టియున్నది గదాయని నిశ్చింతగా నుండరాదు. శ్రమవలన వచ్చు వడదెబ్బలో చెమట కారుచునేయుండవచ్చును. అప్పుడు దేహపు వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీటు మించియుండును. వెంటనే 108కి ఫోను చేయించి, బండి వచ్చువఱకు ఊరకుండక, బట్టలు వదులుచేసి ఒంటినిండ నీరు పోయుచు గట్టిగా విసరవలెను. మంచుగడ్డలు దొరకినచో గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టవలెను. ముందు చల్లార్చుట, పిమ్మట దవాఖానకు కొనిపోవుట. ఈ క్రమము తప్పరాదు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. జ్వరపు మాత్రలు ఈ వేడికి పనిచేయవు.

వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిల్ నెలలో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, దానిచే మరణించినవారి కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. అట్టిది సంభవించినచో ఆలస్యము చేయక తహసీలుదారునకును, సర్కారు దవాఖాన డాక్టరునకును తెలుపవలెను.