నొప్పిపై పూత.. తెలిసి రాస్తేనే ఊరట

* రాసిన చోట కాపడం పెడితే చర్మానికి ముప్పు
* ఛాతీ, ఎడమ భుజం నొప్పికి పూతతో కాలయాపన తగదు

వరినాట్ల వేళ రోజంతా బురదలో నడుం వంచి పనిచేసే మహిళలు, కల్లాల్లో గంటల తరబడి కూర్చుని తాలుకాయలు ఏరే కూలీలు, బస్తాలు మోసే హమాలీలు.. సాయంత్రం ఇల్లు చేరగానే వెదికేది నొప్పుల ఆయింట్‌మెంట్‌నే. మందుల దుకాణాల్లోనే కాదు, కొన్ని బామ్‌లు కిరాణా కొట్లలోనూ దొరుకుతున్నాయి. అయితే ఏ ట్యూబులో ఏ మందు ఉందో, ఏ నొప్పికి ఏది పనిచేస్తుందో చూసి కొనేవారు తక్కువే.

మూడు రకాలు

పిప్పరమెంటు పువ్వు, కర్పూరం, మిథైల్ శాలిసిలేట్‌లతో తయారయ్యే బామ్‌లు మొదటి రకం. ఇవి చర్మానికి చల్లదనాన్నో, వేడినో కలిగించి లోపలి నొప్పిని మరిపిస్తాయి. కండరాలు పట్టేసినప్పుడు తాత్కాలిక ఉపశమనం లభిస్తుంది. కీళ్ల అరుగుదలను ఇవి ఆపలేవు.

రెండోది డైక్లోఫినాక్ జెల్. నొప్పికి, వాపునకు కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని తగ్గిస్తుంది. మోకాళ్లు, చేతివేళ్ల కీళ్లనొప్పులకు, బెణుకులకు ఉపకరిస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలో చేరే మందు చాలా స్వల్పం. కాబట్టి కడుపులో పుండ్ల వంటి దుష్ఫలితాల ముప్పు తక్కువ. తుంటి కీలు, వెన్నుపూస లోతుగా ఉన్నందున అక్కడ దీని ప్రభావం అంతంతమాత్రమే.

మూడోది మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ పూత. నొప్పిని మోసే నరాల చివరలను క్రమేణా మొద్దుబారుస్తుంది. మొదట మంట పుట్టిస్తుంది. రోజూ 3, 4 సార్లు చొప్పున కొన్ని వారాలు రాస్తేనే ఫలితం కనిపిస్తుంది. ఈ ఘాటును పసిగట్టే గ్రాహకాన్ని 1997లో గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్, 2021లో మరో శాస్త్రవేత్తతో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఎంత రాయాలి?

డైక్లోఫినాక్ జెల్‌ను మోకాలికి ఒక్కోసారి 2 నుంచి 4 గ్రాముల చొప్పున, రోజుకు 3, 4 సార్లు రాయాలి. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికే 5 రోజులకు మించి రాదు. ఖర్చుకు వెరచి వేలికొసతో తాకించి నెలంతా సరిపెడితే ప్రయోజనం ఉండదు.

జాగ్రత్తలు ఇవీ..

* పుండ్లు, గాయాలు, కళ్ల సమీపంలో రాయరాదు. రాశాక చేతులు సబ్బుతో కడగాలి.
* బామ్ రాసిన చోట బిగుతుగా కట్టు కట్టినా, వేడి కాపడం పెట్టినా చర్మం కాలే ప్రమాదముంది. ఇటువంటి పూతలతో చర్మం కాలిన ఘటనలపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరిక జారీ చేసింది.
* రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవారు, గర్భిణులు, ఆస్పిరిన్ పడనివారు వైద్యులను అడగకుండా వాడరాదు.
* జెల్ రాస్తూనే నొప్పి మాత్రలు మింగితే దుష్ఫలితాల ముప్పు పెరుగుతుంది.
* పిల్లలకు అందనీయరాదు. కర్పూరం, శాలిసిలేట్ కడుపులోకి వెళితే ప్రాణాపాయం.

ఇవి పూతతో పోయేవి కావు

కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, నడుంనొప్పితోపాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రంపై పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో బరువు, ఎడమ భుజం లేదా దవడ లాగడం, చెమటలు పట్టడం గుండెపోటు సంకేతాలు కావచ్చు. గ్యాస్ నొప్పి, పని నొప్పి అనుకుని బామ్ రుద్దుతూ కూర్చుంటే ప్రాణం నిలిపే విలువైన సమయం చేజారుతుంది. అప్పుడు చేతికి అందుకోవాల్సింది ట్యూబు కాదు, 108కి ఫోను.