కేసులో ఉన్న కార్డును బయటికి తీసేదెలా?

అమెరికాలోని పీఎస్‌ఏ అనే సంస్థ 1991 నుంచి సేకరణ కార్డులను పరీక్షించి, 1 నుంచి 10 వరకు గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి మూసేస్తోంది. పోకెమాన్ కార్డులు కూడా అలా వస్తాయి.

ఆ కేసుకు మూత ఎందుకు ఉండదు? దాని రెండు పలకలను జిగురుతో అంటించరు. మన చెవికి అందనంత వేగంగా, సెకనుకు సుమారు 20 వేలసార్లు, ప్లాస్టిక్‌ను కంపింపజేస్తారు. ఆ రాపిడికి అంచులు వేడెక్కి, కరిగి, ఒకటైపోతాయి. ఇక తెరవాలంటే విరగ్గొట్టాల్సిందే. లోపలి కార్డును ఎవరూ గుట్టుగా మార్చకుండా ఇదే కాపలా. ఎంత చక్కని ఉపాయమో చూడండి!

ఆల్బమ్‌లో పెట్టుకోవడానికో, మళ్లీ గ్రేడు వేయించడానికో కొందరు కార్డును బయటికి తీస్తారు. పగిలిన ప్లాస్టిక్ కత్తిలా కోస్తుంది, అందుకే ఇది పెద్దవాళ్ల పని. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. లేబుల్ ఉన్న వైపు మూలను కటింగ్ ప్లయర్‌తో కొంచెం తుంచి, ఆ సందులో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా తిప్పితే అతుకు వీడుతుంది. మొన కార్డు దాకా పోకూడదు. సుత్తి వద్దు. వేడి అసలే వద్దు, కార్డు వంగిపోతుంది. పలకలు విడిపోయాక కార్డును అంచులతో పట్టుకుని వెంటనే మెత్తని తొడుగులో పెట్టాలి.

కేసు విరిగితే ఆ గ్రేడు ఇక చెల్లదు. ప్లయర్ పట్టుకునే ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించండి.