“ఇవాళ ఏం చేశావు?” “ఏం లేదు!”



మొన్న నవంబరులో ఒక సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, “ఇవాళ ఏం చేశావు?” అని అడిగారు. “ఏం చేస్తానండీ, ఏం లేదు” అన్నాను. కాఫీ కలుపుతూంటే ఆ మాట నాకే ఎక్కడో గుచ్చుకుంది. నిజంగానే ఏమీ లేదా? ఆ రోజుని మీతో కలిసి ఒక్కసారి వెనక్కి తిప్పి చూస్తాను.

తెల్లవారుజామున అయిదింటికి లేచాను. పాలు, కాఫీలు, టిఫిన్లు, ముగ్గురికి క్యారేజీలు అయ్యేసరికి ఎనిమిదిన్నర. గ్యాస్ బండ వస్తుందన్నారని పది దాకా గుమ్మం కనిపెట్టుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు లెండి, చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. తర్వాత అత్తయ్యగారిని తీసుకుని ఆటోలో బ్యాంకుకి వెళ్లాను. మామగారు రైల్వేలో పనిచేశారు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారు ఏటా నవంబరులో ‘నేను బతికే ఉన్నాను’ అని రుజువు చూపాలి. లేకపోతే ఆ పైన పెన్షన్ ఆగుతుంది.

అత్తయ్యగారు బొటనవేలు యంత్రం మీద పెట్టారు. ఎర్రదీపం వెలిగింది. చూపుడువేలు పెట్టారు, మళ్లీ ఎర్రదీపమే. పది వేళ్లూ అయ్యాయి. ఆవిడ నవ్వేసి, “యాభై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లమ్మా, ఇంకా గీతలెక్కడుంటాయి?” అన్నారు. అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. వయసు మీద పడితే చర్మం పలచబడి వేలిగీతలు అణిగిపోతాయి. సబ్బునీళ్లు, రాపిడి వాటిని ఇంకా అరగదీస్తాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లకీ ఇలా అయితే కంగారు పడకండి. 2021 నుంచి ఈ పత్రానికి సెల్‌ఫోన్లో ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. మేమూ చివరికి అలాగే గట్టెక్కాం.

తిరుగుదారిలో రైతుబజారులో కూరలు, ఉసిరికాయలు కొన్నాను. ఫాల్ కుట్టడానికిచ్చిన చీర కోసం టైలరు దగ్గర అరగంట కూర్చున్నాను. ఆ అరగంటే ఆ రోజుకి నాది. వచ్చేపోయే జనాన్ని చూస్తూ ఏవేవో ఆలోచించుకున్నాను. యంత్రానికి ఆవిడ వేళ్లు కనబడలేదు సరే, ఆ వేళ్లు చేసిన పని మాత్రం ఎవరికి కనబడింది? అనుకున్నాను.

అయితే, ఈమధ్య ఎవరో లెక్క కట్టారు. మన కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లో దేశమంతటా ‘సమయ వినియోగ సర్వే’ చేశారు. ఇంటికి వచ్చి, నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా ఏం చేశారని అరగంటకొకటిగా గళ్లు వేసి రాసుకున్నారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు అందులో రోజుకి సగటున 299 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. అంటే ఒక్క నిమిషం తక్కువ అయిదు గంటలు. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేస్తే మనకి 289, వాళ్లకి 88 వచ్చింది. మనకి పది నిమిషాలు కలిసొస్తే, వాళ్లకీ తొమ్మిది కలిసొచ్చిందన్నమాట! పైగా ఈ పనికి చెయ్యి కలిపే మగవాళ్లు నూటికి ఇరవయ్యేడుగురే. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడం ఇందులో లేదు, దానికి వేరే లెక్క ఉంది.

మరి ఈ పని జాతీయాదాయంలోకి వస్తుందా? రాదు. కర్రీ పాయింట్‌లో చిక్కుడుకాయ కూర కొంటే వస్తుంది, అదే కూర మనింట్లో మనం వండుకుంటే రాదు. డబ్బు చేతులు మారలేదు కాబట్టి అది ఆ లెక్కకి ఆనదు. న్యాయస్థానాలు మాత్రం కొంత ముందుకొచ్చాయి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువని నెలకి 3,000 రూపాయలుగా కట్టింది. 2021 జనవరిలో మరో ప్రమాదం కేసులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు ఈ 299, 97 అంకెల్నే ఎత్తి చూపారు. గృహిణికి ఆదాయం లెక్కకట్టడమంటే ఆమె శ్రమని గుర్తించడమేనని రాశారు. మంచిమాటే. కానీ ఆ విలువ కట్టింది మనిషి పోయాక, నష్టపరిహారం కోసం! ఉన్నప్పుడు ఎవరు కట్టాలి? ముందు మనమే కట్టుకోవద్దూ?

అందుకని మీరూ ఒక పని చేసి చూడండి. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు అరగంటకొక గీత చొప్పున నలభై ఎనిమిది గీతలు గీసి, ఒక్కరోజు చేసిన పనల్లా రాయండి. ఎదురుచూసిన గంటలు కూడా పనికిందే రాయండి. ఒకే దిక్కున ఉన్న పనులు ఒకే రోజుకి కలపొచ్చని అప్పుడు తెలుస్తుంది. ఏ పని పిల్లలకి అప్పగించొచ్చో, ఏది మావారు చెయ్యగలరో కూడా తెలుస్తుంది. ఒక్క అరగంట మాత్రం ఏమీ రాయకుండా మీకోసం ఖాళీగా ఉంచుకోండి. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

నేనా కాగితం తయారుచేసి బల్లమీద పెట్టాను. మావారు కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివారు. ఏమీ అనలేదు. మర్నాడు ఇస్త్రీ బట్టలు తనే తీసుకొచ్చారు, రాత్రి భోజనాలయ్యాక మా అబ్బాయి చేత కంచాలు తీయించారు. ఎన్నాళ్లు సాగుతుందో చూడాలి.

ఇంతలో అత్తయ్యగారు ఆ కాగితం అందుకుని, “నావి ఎన్ని కాగితాలయ్యేవో!” అన్నారు. ఉసిరికాయ పచ్చడికి ఆవాలు ఎండబెడుతూ, అరిగిన ఆ వేళ్లతోనే.

ఇకమీదట ఎవరైనా “ఇవాళ ఏం చేశావు?” అని అడిగితే, “ఏం లేదు” అనకండమ్మా. చేసింది చెప్పండి.