జేసీబీ అడిగితె వంటసామాను చూపిస్తరా?

మొన్న మా ఆరేండ్ల బిడ్డ పుట్టినరోజుకని మాదాపూర్‌ల ఒక బొమ్మల దుకాణానికి పోయినం. లోపల అడుగువెట్టంగనే అక్కడ పనిచేసే పిలగాడు అడిగిన మొదటి మాట: "బాబుకా, పాపకా మేడం?" వయసు అడగలే, ఏం ఇష్టమో అడగలే. పాపకు అనంగనే గులాబీ రంగు వరుసకు తోల్కపోయిండు. అక్కడ బొమ్మలు, వంటసామాను, మేకప్ డబ్బాలు. బిడ్డకేమో జేసీబీ కావాలె. "అవి బాయ్స్‌వి పాపా" అన్నడు. బిడ్డ నా మొఖం దిక్కు చూసింది.

అది జేసీబీ అడగకుంట ఎట్లుంటది? మేముండేది కోకాపేటల. పొద్దుగాల లేస్తె కిటికీల కనవడేదే అది.

గీ రంగుల వెనుక ఉన్నది యాపారం. అక్కకు గులాబీ సైకిల్ కొంటె తమ్ముడు తొక్కడు, మళ్ల నీలిది కొనాలె. ఒక్క ఇంట్ల రెండు బేరాలు. ఎప్పుడూ ఇట్లనే లేదు. అమెరికాల సియర్స్ కంపెనీ 1975 క్యాటలాగ్‌ల ఆడవాళ్లకు, మగవాళ్లకు అని విడగొట్టి అమ్మిన బొమ్మలు నూటికి రెండు గూడ లెవ్వని ఎలిజబెత్ స్వీట్ అనే సామాజిక శాస్త్రవేత్త లెక్కగట్టింది. తర్వాత మళ్ల ఈ గోడ లేచింది. 1992ల మాట్లాడే బార్బీ "లెక్కల క్లాసు కష్టం" అన్నది. గొడవైనంక ఆ మాట తీసేసిన్రు. 2021ల లెగో తమ బొమ్మలల్ల గిసొంటి మూసలు లేకుంట చేస్తమన్నది. కాలిఫోర్నియాల 2024 నుంచి పెద్ద దుకాణాలు ఇద్దరికీ కలిపి ఒక వరుస పెట్టాలని చట్టమే ఉన్నది.

మన పాతకాలం మంచిగుండె అని నేననను. గురుగులు ఆడివిల్లలకు, బొంగరాలు మొగపోరగాండ్లకు అని పంచింది మనోళ్లే. కాని అష్టాచెమ్మ ఎవలిది? అందరిది.

తప్పు దుకాణపోళ్లదే అంటె అబద్ధమైతది. మా కొడుకు మూడేండ్లప్పుడు బొమ్మపొయ్యి అడిగితె నేనే నవ్వి కారు చేతుల వెట్టిన. వాడు వంట నేర్సుకోవద్దా? విప్పి బిగించుడు, బ్లాకులు పేర్చుడు చిన్నప్పుడే చేతికి అలవాటైతె ఆకారం, కొలత బుర్రకెక్కుతయి. అది ఒక్కరికే ఇచ్చి, పెద్దగైనంక "ఆడోళ్లు ఇంజినీరింగ్ టీముల తక్వ ఎందుకున్నరు" అని మీటింగులు పెడితె ఏం లాభం? హైటెక్ సిటీల కోడ్ రాసే నేను గా మీటింగులల్ల శానసార్లు కూసున్న.

గందుకే రేపు మీరు ఎవల పిల్లలకన్న బొమ్మ కొంటె, "బాబుకా పాపకా" అన్నోళ్లకు "ఆరేండ్లు, మెషిన్లు ఇష్టం" అని చెప్పున్రి. రిటర్న్ గిఫ్టులు రెండు కుప్పలు చెయ్యకున్రి.

ఆ దినం జేసీబీ కొన్నం. ప్యాకింగ్‌కు నీలి కాయితం తీసిండు. "ఏ రంగో బిడ్డనే అడుగు తమ్మీ" అన్న. పసుపుపచ్చ అన్నది. జేసీబీ రంగు గదే కదా.