చిల్లరలో వెండి: హాలీ సిక్కా నుండి నేటి నాణెం వరకు లోహవిలువ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
నిత్య వ్యవహారంలోని చిల్లరలో వెండి నాణేలు దొరకవచ్చుననే నమ్మకం నేటికీ ప్రజలలో ఉంది. హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కాను, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయిని, స్వతంత్ర భారత నాణేలను లోహవిలువ దృష్టితో పోల్చి, ఈ నమ్మకానికి గల ఆధారమెంతో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. నాణేలను గుర్తించే పద్ధతులు, పాటించవలసిన చట్టపరమైన జాగ్రత్తలు కూడా ఇందులో చర్చించబడ్డాయి.

కీలకపదాలు: హాలీ సిక్కా, కల్దార్, లోహవిలువ, ముఖవిలువ, టంకశాల, నికెల్, చెర్లపల్లి.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'నాణెము' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి ముద్ర వేసిన లోహపు బిళ్ళ, రెండవది మేలిమి. 'నాణ్యమైన సరుకు' అనే వాడుకలో నేటికీ ఈ రెండవ అర్థమే నిలిచి ఉంది. లోహపు మేలిమియే డబ్బుకు విలువనిచ్చిన కాలం ఒకటి ఉండేదని ఈ పదమే సూచిస్తున్నది. నేడు నాగోల్ మెట్రో స్టేషను దగ్గర ఒక ప్రయాణికుని చేతికి వచ్చే చిల్లరలో ఆ మేలిమి ఏమైనా మిగిలి ఉందా? నాగోల్, ఉప్పల్, నాచారం ప్రాంతాలకు ఈ ప్రశ్నతో దగ్గరి సంబంధం ఉంది. సైఫాబాదులో 1903లో నెలకొన్న టంకశాల పని 1997లో నాచారానికి చేరువనే ఉన్న చెర్లపల్లికి మారింది. దేశమంతటా చెలామణి అయ్యే నాణేలలో ఒక భాగం తయారయ్యేది ఇక్కడే.

2. ముఖవిలువ – లోహవిలువ:
నాణెం మీద ముద్రించినది ముఖవిలువ. దానిలోని లోహానికి అంగడిలో పలికే ధర లోహవిలువ. ముఖవిలువ ఎక్కువగా ఉన్నంతకాలం నాణెం చేతులు మారుతూ ఉంటుంది. లోహవిలువ దానిని మించితే ప్రజలు నాణేన్ని దాచుకుంటారు, లేదా కరగిస్తారు. మేలిమి నాణెం, తక్కువ మేలిమి నాణెం ఒకే ముఖవిలువతో చెలామణిలో ఉంటే మేలిమిది ఇంట చేరి, తక్కువది బజారులో మిగులుతుంది. ఆర్థికశాస్త్రంలో దీనిని గ్రెషమ్ సూత్రమంటారు. చిల్లరలో వెండి ఎందుకు మిగలలేదో ఈ సూత్రమే వివరిస్తుంది.

3. హాలీ – కల్దార్: మారకం వెనుక లోహం:
1857 తిరుగుబాటు అణగిన తరువాత హైదరాబాదు నాణేల మీద మొగలు చక్రవర్తి పేరు పోయి, ఆసఫ్‌జా పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో చార్మినార్ చిత్రం ప్రవేశించింది. ద్వారం నడుమ 'మీమ్' అక్షరం ఉంటే అది మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెం, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెం. దాని మీది 92 సంఖ్య సంవత్సరాన్ని తెలిపేది కాదు. అది అబ్జద్ గణనంలో 'ముహమ్మద్' నామానికి వచ్చే మొత్తం.

హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే నికరంగా సుమారు 9.14 గ్రాముల వెండి. కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు. అంటే సుమారు 10.69 గ్రాములు. మారకంలో ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. నూరు కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ ఇవ్వవలసి ఉండేది. ఏడింట ఆరు అంటే 0.857. రెండు రూపాయలలోని వెండి నిష్పత్తి 0.855. ఈ రెండు సంఖ్యలు దాదాపు ఏకీభవించడం గమనార్హం. అనగా ఈ మారకపు రేటు లోహపు తూకానికి అతి సన్నిహితంగా ఉండినది.

ఈ సమతౌల్యం 1940లో చెదిరింది. యుద్ధకాలపు వెండి కొరత వల్ల బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం రూపాయిలోని వెండిని సగానికి తగ్గించింది. మిగిలిన సగంలో 40 పాళ్ళు రాగి, ఐదేసి పాళ్ళు నికెల్, జింక్. దానితో కల్దార్‌లో నికరంగా 5.83 గ్రాముల వెండి మాత్రమే మిగిలింది. మారకపు రేటు మాత్రం మారలేదు. అప్పుడు ఏడు పాత హాలీ రూపాయలలో 64 గ్రాముల వెండి ఉండగా, వాటికి బదులుగా వచ్చే ఆరు కొత్త కల్దార్ రూపాయలలో 35 గ్రాములే ఉన్నది. మేలిమి హాలీని ఇంట దాచుకోవడమే లాభమని ఈ లెక్క చెబుతుంది. హిజ్రీ 1361 (1942) ప్రాంతం నుండి హాలీ రూపాయిలోనూ వెండి యాభై శాతానికి దిగింది. ఆ తరువాత పావలా, అర్ధరూపాయి నికెల్‌కు మారాయి.

4. వెండి నిష్క్రమణ:
విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రాజుల కాలపు మేలిమి రూపాయలను ప్రభుత్వం 1941–43 మధ్య దశలవారీగా చెలామణి నుండి ఉపసంహరించింది. యుద్ధకాలంలో అమెరికా నుండి భారతదేశం దాదాపు 22.6 కోట్ల ఔన్సుల వెండిని అరువు తెచ్చుకున్నది. యుద్ధానంతరం ఆ బాకీ తీర్చడానికి సగం వెండి ఉన్న నాణేలను కూడా వెనక్కి తీసుకొని, కలకత్తాలోని అలీపూర్ శుద్ధి కర్మాగారంలో వాటి నుండి వెండిని వేరుచేశారు. 1947 నాటికి రూపాయి నికెల్ నాణెం అయింది. హాలీ సిక్కా భారత రూపాయి పక్కన కొంతకాలం చెలామణి అయి, 1959లో పూర్తిగా రద్దయింది.

కాబట్టి వెండి నాణేలు చిల్లర నుండి రెండు దారులలో తరలిపోయాయి: ప్రభుత్వ ఖజానాకు కొన్ని, ఇంటి పెట్టెలకూ కంసాలి కుంపటికీ కొన్ని. లంబాడీ స్త్రీల ఆభరణాలలో కూర్చిన రూపాయి బిళ్ళలు మూడవ దారిని సూచిస్తాయి. డబ్బుగా చెల్లకపోయినా అవి నగగా నిలిచాయి.

5. నేటి చిల్లరలోని లోహాలు:
ప్రస్తుతం చెలామణిలో ఉన్న ఏ నాణెంలోనూ వెండి గాని బంగారం గాని లేదు. ఒక రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి. పసుపు వన్నెగల ఐదు రూపాయల నాణెం రాగి, జింక్, నికెల్ మిశ్రమం. పది రూపాయల నాణెపు వెలుపలి వలయానికి పసుపు రంగునిచ్చేది అల్యూమినియం కంచు. ఇరవై రూపాయల నాణెపు వెలుపలి వలయాన్ని 'నికెల్ సిల్వర్' అంటారు. పేరులో 'సిల్వర్' ఉన్నా అందులో వెండి లేశమైనా లేదు. అది రాగి, జింక్, నికెల్‌ల కలయిక.

స్వాతంత్ర్యానంతరం వెండితో వచ్చినవి స్మారక నాణేలు. గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో వెలువడిన పది రూపాయల నాణెం బరువు 15 గ్రాములు. అందులో 80 శాతం, అనగా 12 గ్రాములు, వెండి. ఇటువంటి నాణెం అరుదుగా పాత పెట్టెలలో కనబడవచ్చు గాని, దుకాణపు చిల్లరలో ఎదురుకావడం అసంభవప్రాయం. అమెరికాలో 1964 వరకు డైమ్, క్వార్టర్ నాణేలలో 90 శాతం వెండి ఉండేది. తరువాతి నాణేలూ అదే ముఖవిలువతో, అదే పరిమాణంతో కొనసాగినందున అక్కడ చిల్లర వెతికేవారికి అప్పుడప్పుడు ఫలితం దక్కుతుంది. ఇక్కడ పాత నాణేల రద్దు, దశాంశ పద్ధతి (1957) ఆ అవకాశాన్ని మూసివేశాయి.

6. గుర్తింపు పద్ధతులు:
ఇంటి పెట్టెలో దొరికిన నాణేన్ని గీయకుండా, తోమకుండా పరీక్షించవచ్చు. మొదటిది అయస్కాంతం. వెండికి అంటుకోదు, స్టీలుకూ శుద్ధ నికెల్‌కూ అంటుకుంటుంది. అయితే రాగి–నికెల్ మిశ్రమానికి కూడా అంటుకోదు కనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు. రెండవది తూకం. మూడవది సాంద్రత. నాణేన్ని గాలిలోనూ నీటిలోనూ తూచి లెక్కిస్తే మేలిమి కల్దార్‌కు సుమారు 10.3, పాత హాలీకి 10.2, 1940 తరువాతి కల్దార్‌కు 9.5, రాగి–నికెల్‌కు 8.9 వస్తుంది. నాలుగవది అంచు. 1940 నుండి వచ్చిన కల్దార్ రూపాయల అంచు గీతల నడుమ నకిలీలను అరికట్టే ప్రత్యేకమైన గాడి కనిపిస్తుంది. హైదరాబాదు టంకశాలలో ముద్రించిన స్వతంత్ర భారత నాణేల మీద సంవత్సరం కింద సాధారణంగా నక్షత్రపు గుర్తు ఉంటుంది. అది తయారైన చోటును తెలుపుతుందే గాని లోహాన్ని కాదు.

7. చట్టం – మోసం – చారిత్రక విలువ:
చెలామణిలోని నాణేలను కరగించడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. భూమిలో నిక్షేపంగా బయటపడిన నాణేలను గురించి అధికారులకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. పాత నాణేలకు లక్షలిస్తామంటూ ముందుగా రుసుము, పన్ను అడిగే ప్రకటనలు మోసపూరితమని, తన పేరుతో ఎవరికీ అటువంటి అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. వెండి తూకాన్ని బట్టి వచ్చే ధరను ఇంట్లోనే లెక్కించగలిగినవారు ఇటువంటి ప్రకటనలకు లోబడరు.

కంసాలి కుంపటిలో పడిన హాలీ రూపాయి తొమ్మిది గ్రాముల వెండిగా మిగులుతుంది. దాని మీది హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం, అక్షరాల పోలిక అన్నీ పోతాయి. 1940–42 నాటి మార్పు వంటివి నిర్ధారించేందుకు పరిశోధకులకు ప్రాథమిక సాక్ష్యాలు ఆ నాణేలే.

8. ముగింపు:
i. నేటి చిల్లరలో విలువైన లోహం లేదు. నమ్మకానికి మూలం గతంలోని వాస్తవమే.
ii. ఏడు–ఆరు మారకం వెండి నిష్పత్తికి దగ్గరగా ఉండేది. 1940 తరువాత ముఖవిలువ లోహం నుండి విడిపోయింది.
iii. వెండి నాణెం కోసం వెతకవలసింది దుకాణపు గల్లాలో కాదు, ఇంటి పెట్టెలలో. దొరికినప్పుడు కరగించక ముందు తూచడం, చదవడం, నమోదు చేయడం అవసరం.
iv. తెలంగాణ గ్రామాలలోనూ నగర శివార్లలోనూ కుటుంబాల వద్ద మిగిలిన హాలీ నాణేల వివరాలను కళాశాల స్థాయిలో సేకరించి భద్రపరచగలిగితే, ప్రాంతీయ ఆర్థిక చరిత్రకు అది విలువైన ఆకరమవుతుంది. సైఫాబాదు టంకశాల భవనంలో 2022లో ప్రారంభమైన ప్రదర్శనశాల ఇటువంటి అధ్యయనానికి తొలి మెట్టు కాగలదు.