ఖాళీ పిస్తోలులో ట్రిగ్గరు నడక

మన కళాశాల ఎన్.సి.సి. విద్యార్థి ఒకడు ఆ మధ్య నా వద్దకు వచ్చి ఒక సందేహమును వెలిబుచ్చినాడు. "సార్, సినిమాలో ప్రతినాయకుని పిస్తోలులో తూటాలు అయిపోయిన తరువాత అతడు ట్రిగ్గరును పదిసార్లు నొక్కును. అది టిక్కు టిక్కుమని పదిసార్లు పలుకును. నిజమైన పిస్తోలు అట్లు పలుకునా?" వ్యాకరణము చెప్పుకొను వానిని ఈ ప్రశ్న అడుగుటేమని మొదట నవ్వుకొన్నాను. కాని కర్త, కర్మ, క్రియల సంబంధము ఎట్టిదో ట్రిగ్గరుకును సుత్తికిని గల సంబంధము కూడ అట్టిదే. నడుమ ఒక్కటి తప్పినచో వాక్యము నిలువదు. అందుచేత తెలిసినంత వ్రాయుచున్నాను.

ముందుగా మాటలను గూర్చి ఒక మాట. మన తెలుగు 'తుపాకి' తురుష్క భాషలోని 'తుఫెక్' అను పదమునకు చుట్టము. ట్రిగ్గరును ఉర్దూలో 'లబ్‌లబీ' అందురు, సుత్తిని 'ఘోడా' అందురు. తూటాలను అమర్చు పెట్టెకు గల 'మ్యాగజైను' అను పేరు గిడ్డంగి అను అర్థము గల అరబీ పదము 'మఖ్‌జన్' నుండి ఐరోపాకు పోయి తిరిగి మన యొద్దకు వచ్చినది. మీరిప్పుడు చేతబట్టిన ఈ సంచికకు ఉన్న పేరు కూడ అదియే. ఒక దానిలో వ్యాసములు నిలువ ఉండును, మరొక దానిలో తూటాలు.

తూటా లేకుండ ట్రిగ్గరు నొక్కుటను డ్రై ఫైరింగ్ అందురు. గురి చూచువారు చేయి కదలకుండ ట్రిగ్గరును వెనుకకు తీయుట నేర్చుకొనుటకు ఈ అభ్యాసము చేయుదురు. నిజమైన కాల్పులో చప్పుడు, ఎదురుదెబ్బ చేతి వణకును కప్పివేయును. ఖాళీ పిస్తోలులో ఆ మరుగు ఉండదు. సుత్తి పడిన క్షణమున గురిముల్లు ఎటు తొలగినదో కంటికి స్పష్టముగ కనబడును.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో పైభాగమున ఒక ఉక్కు తొడుగు వెనుకకును ముందుకును జారుచుండును. దానిని స్లయిడు అందురు. తూటా పేలినపుడు ఆ పేలుడు బలముననే స్లయిడు వెనుకకు పోయి, కాలిన తొడుగును బయటకు విసరి, సుత్తిని వంచి, తిరిగి ముందుకు వచ్చునపుడు మ్యాగజైనులోని మరొక తూటాను గొట్టము మొదటనున్న ఛాంబరులోనికి త్రోయును. చదువరులు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొనవలెను: సుత్తిని వంచు పనిని చేయునది స్లయిడు, స్లయిడును కదలించునది పేలుడు. ఖాళీ పిస్తోలులో పేలుడు లేదు. కావున రెండవసారి ట్రిగ్గరు నొక్కినపుడు ఏమి జరుగునన్నది ఆ పిస్తోలు నిర్మాణముపై ఆధారపడి ఉండును.

మొదటి రకము సింగిల్ యాక్షన్. జాన్ బ్రౌనింగ్ రూపొందింపగా 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన పిస్తోలు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఇందులో ట్రిగ్గరు చేయు పని ఒక్కటే, వంచి ఉన్న సుత్తిని విడుచుట. సుత్తి అడుగున ఒక గాటు ఉండును. సియరు అను చిన్న ఉక్కు ముక్క తన ముక్కును ఆ గాటులో దూర్చి, బలమైన స్ప్రింగు త్రోయుచున్నను సుత్తిని పట్టియుంచును. ట్రిగ్గరు వెనుకకు పోయి డిస్కనెక్టరు అను మరొక ముక్కను త్రోయును, అది సియరును త్రోయును, సియరు ముక్కు గాటు నుండి జారును, సుత్తి ఎగిరి ఫైరింగ్ పిన్నును కొట్టును. ఆ పిన్ను తానున్న బిలము కంటె పొట్టిది. సుత్తి దెబ్బకు పుట్టిన వేగముతో ముందుకు దూకి, తూటా అడుగును పొడిచి, తన చిన్న స్ప్రింగు బలముతో వెనుకకు వచ్చును.

డిస్కనెక్టరు లేనిచో ఏమగును? వ్రేలు ట్రిగ్గరుపైననే ఉండగా స్లయిడు వెనుకకు పోయి సుత్తిని వంచును. సియరు ట్రిగ్గరు ఒత్తిడిలోనే ఉన్నందున సుత్తిని పట్టజాలదు. అందుకని స్లయిడు వెనుకకు పోవునపుడు డిస్కనెక్టరును క్రిందికి అణచి ట్రిగ్గరుకును సియరుకును గల లంకెను తెంపును. వ్రేలు సడలించి ట్రిగ్గరును ముందుకు రానిచ్చిన తరువాతనే ఆ లంకె మరల కుదురును. ఒక నొక్కునకు ఒకే గుండు అను నియమమంతయు ఈ చిన్న ముక్కపై నిలిచి ఉన్నది.

ఇట్టి పిస్తోలును ఖాళీగా నొక్కినచో సుత్తి ఒక్కసారి పడును, ఒక్క టిక్కు వినబడును. రెండవసారి నొక్కినచో ట్రిగ్గరు వెనుకకు పోవును గాని ఏమియు జరుగదు. అభ్యాసము చేయువాడు ప్రతిసారి బొటనవ్రేలితో సుత్తిని వంచుకొనవలెను, లేదా స్లయిడును లాగవలెను.

రెండవ రకము డబుల్ యాక్షన్. జర్మనీలోని వాల్టర్ సంస్థ 1929లో తెచ్చిన పీపీ పిస్తోలు, తరువాత 1938లో ఆ దేశ సైన్యము స్వీకరించిన పీ 38 ఈ పద్ధతికి ప్రచారము కలిగించినవి. ఇందులో ట్రిగ్గరు రెండు పనులు చేయును. క్రిందికి దిగియున్న సుత్తిని తానే వంచును, తానే విడుచును. అందువలన ఆ లాగుడు పొడవైనది, బరువైనది. సుమారు 5 కిలోల ఒత్తిడి కావలసి వచ్చుట కలదు. మొదటి గుండు పేలిన తరువాత స్లయిడు సుత్తిని వంచియుంచును గనుక రెండవ గుండు నుండి ట్రిగ్గరు తేలికయగును, పొట్టియగును. ఖాళీ పిస్తోలులోనైతే స్లయిడు కదలదు. ఎన్నిసార్లు నొక్కినను ప్రతిసారి ఆ బరువైన లాగుడే, ప్రతిసారి ఒక టిక్కు. సినిమా ప్రతినాయకునికి ఇట్టి పిస్తోలే కావలెను. అయితే ఇందులో అభ్యాసికి ఒక మోసమున్నది. ఇంటిలో వందసార్లు నొక్కినవాడు వంద మొదటి గుండ్లను మాత్రమే అభ్యసించినవాడగును. మైదానములో రెండవ గుండు నుండి ట్రిగ్గరు వేరొక స్వభావముతో ఎదురుపడును. కావున సుత్తిని చేతితో వంచి తేలిక నొక్కును కూడ విడిగా అభ్యసింపవలెను.

మూడవ రకములో బయటకు కనబడు సుత్తియే లేదు. 1982లో ఆస్ట్రియా సైన్యము స్వీకరించిన గ్లాక్ 17 ఇట్టిది. స్లయిడు లోపల స్ట్రైకరు అను పిన్నును స్ప్రింగు త్రోయుచుండును. స్లయిడు ముందుకు వచ్చునపుడు స్ట్రైకరు సగము వంగి ఆగును. ట్రిగ్గరు దానిని మిగిలిన దూరము వెనుకకు లాగి, ఆ వెంటనే ట్రిగ్గరు కడ్డీ క్రిందికి దిగి విడిచిపెట్టును. ఖాళీగా నొక్కిన పిమ్మట ట్రిగ్గరు వెనుకనే చతికిలబడి ఉండును. స్లయిడును లాగిన గాని అది ముందుకు రాదు.

ఇక ప్రశ్నకు జవాబు. నేటి పిస్తోళ్ళలో చాలవాటికి చివరి తూటా పేలగానే స్లయిడు వెనుకనే నిలిచిపోవు ఏర్పాటు కలదు. అట్లు నిలిచినపుడు ట్రిగ్గరును ఎంత నొక్కినను టిక్కు కూడ రాదు. పదిసార్లు టిక్కుమనుట రివాల్వరు లక్షణము. మన చిత్ర దర్శకులు రివాల్వరు చప్పుడును పిస్తోలుకు అంటగట్టినారు.

నవ్వుటకు వీలులేని భాగము ఇక చెప్పవలెను. మ్యాగజైనును తీసివేసినంతమాత్రమున పిస్తోలు ఖాళీ కాదు. ఛాంబరులో ఒక తూటా ఉండిపోవచ్చును. ఇంకొక తప్పు వరుసలో ఉన్నది: ముందు స్లయిడు లాగి, తరువాత మ్యాగజైను తీయుట. లాగిన స్లయిడు మ్యాగజైను నుండి క్రొత్త తూటాను ఎక్కించియే వచ్చును. తీసినవాడు ఖాళీ అనుకొనును. సరియైన వరుస మ్యాగజైను ముందు, స్లయిడు తరువాత, ఆపైన ఛాంబరును కంటితో చూచి వ్రేలితో తడుముట. గ్లాకును విప్పదీయుటకు ముందు ట్రిగ్గరు నొక్కియే తీరవలెను గనుక అక్కడ ఈ వరుస తప్పినవాడు శుభ్రము చేయబోయి గుండు పేల్చును. తూటాలను వేరొక గదిలో ఉంచి, గుండు దూరజాలని గోడవైపే గొట్టమును త్రిప్పియుంచుట అనుభవజ్ఞుల పద్ధతి. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాని ఇంట పిస్తోలు ఉండరాదు. కావున మన విద్యార్థులకు ఇదంతయు శిక్షకుని ఎదుట మైదానములో జరుగు ముచ్చట మాత్రమే.

మ్యాగజైను తీసిన తరువాత ట్రిగ్గరు పనిచేయకుండ చేసిన పిస్తోలు కూడ కలదు. బ్రౌనింగ్ ప్రారంభించి 1926లో మరణింపగా దియుదొనె సైవ్ పూర్తిచేసిన హై పవర్ 1935లో వెలువడినది. మన ఇషాపూర్ రైఫిల్ కర్మాగారములో తయారైన 9 మి.మీ. పిస్తోలు ఈ వంశములోనిదే. హై పవరులో మ్యాగజైను లేనిదే సుత్తి పడదు. రక్షణ కొరకు పెట్టిన ఈ ఏర్పాటు వలన డ్రై ఫైరింగ్ చేయదలచినవాడు మ్యాగజైనును మరల లోన పెట్టవలసి వచ్చును. అది నిజముగ ఖాళీదేనా అని మరొకమారు చూడవలసిన పని అతనిపై పడినది.

పిస్తోలుకు హాని కలుగునా అని మా విద్యార్థి మరల అడిగినాడు. పెద్ద తూటాల నేటి పిస్తోళ్ళకు సాధారణముగ కలుగదు. .22 పిస్తోళ్ళ సంగతి వేరు. ఆ తూటాలో మందు అడుగు అంచున ఉండును గనుక పిన్ను అంచునే కొట్టును. తూటా లేనపుడు ఆ దెబ్బ నేరుగా ఛాంబరు అంచు ఉక్కుపై పడి, అంచు చితుకును, పిన్ను మొన మొద్దుబారును. హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 2023లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ జట్టు స్వర్ణమును, వ్యక్తిగత రజతమును గెలిచిన 25 మీటర్ల పోటీ ఈ .22 పిస్తోలుతోనే జరుగును. ఆ పోటీలో ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకు తగ్గరాదు. రెండవ దశలో ఒక్కొక్క గుండుకు 3 సెకండ్లు మాత్రమే ఇత్తురు. అంత తక్కువ వ్యవధిలో వ్రేలు తొట్రుపడకుండుటకు వేలసార్లు ఖాళీ నొక్కు తప్పదు. అందుకే పోటీ పిస్తోళ్ళలో అనేకములందు పిన్ను అంచును తాకకుండ ట్రిగ్గరు మాత్రము విడుదలయగు ఏర్పాటును తయారీదార్లే అమర్చుచున్నారు. అది లేనివారు ఛాంబరులో డమ్మీ తూటాను ఉంచుకొని పిన్నుకు మెత్తని ఆనిక కల్పించుకొందురు.