ఓరుగల్లు తోరణములు - మేడారము గద్దెలు

ఓరుగల్లు కోటనడుమ నాలుగు దిక్కులందు నాలుగు రాతి తోరణములు నిలిచియున్నవి. వాని నడుమ నుండిన స్వయంభూ దేవాలయము మాత్రము కూలినది. ఎటు చూచినను విరిగిన స్తంభములు, చెక్కడపు శకలములు. ఇటలీలోని పీసా నగరమున 1173లో ఆరంభమైన గంటగోపురము ఒరిగియు పడలేదు; ప్రక్కనున్న ప్రధానాలయమున నేటికిని ప్రార్థనలు జరుగుచున్నవి. ఓరుగల్లున వాకిళ్లు మిగిలినవి, గుడి మిగులలేదు.

1323లో ఆ కోటతోపాటు రాజ్యమును గోల్పోయిన ప్రతాపరుద్రుని కథకు, ములుగు అడవులలోని మేడారమున మరియొక ముఖము గలదు. కప్పము చెల్లింపలేని కోయలపై అతని సేనలు దండెత్తినవనియు, గాయపడిన సమ్మక్క చిలుకలగుట్టవైపు నడచి అదృశ్యమయ్యెననియు, వెదకినవారికి కుంకుమభరిణె దొరికెననియు జనులు చెప్పుదురు. శాసనమేదని పండితులు అడుగుదురు గాక! రెండేండ్ల కొకమారు మాఘపూర్ణిమ వేళ కోయపూజారులు ఆ గుట్టనుండియే భరిణెను గద్దెకు తెత్తురు. విగ్రహము లేదు. లక్షలాది జనులు వత్తురు. నిలువెత్తు బెల్లము తూచి, దానినే 'బంగార'మని అర్పింతురు. కోట తోరణములను జనులు చూచి పోవుదురు. ఇచ్చటికి మ్రొక్కు చెల్లింప వత్తురు.

సమ్మక్క కుమారుడు జంపన్న పడిన సంపెంగవాగు నేడు జంపన్నవాగు. గద్దెల కేగువారు ముందుగా అందు మునుగుదురు.